సాంకేతిక ప్రశ్నకు జవాబు రావాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్, దాని మీద కట్టిన డెబియన్, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే డేటాబేస్ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు కస్టమర్ కేర్ నంబరు ఉండదు. చిక్కు వస్తే ఆ ప్రాజెక్టు వాళ్లందరికీ ఒకేసారి చేరే మెయిలింగ్ లిస్టుకు ప్రశ్న రాయాలి, ఎవరో ఒకరు పలకాలి. మొదట్లో నేను రాసిన మెయిళ్లలో సగానికి పైగా గాలిలో కలిసిపోయాయి. కొన్నేళ్లు జవాబులు రాసే వైపు కూర్చున్నాక కారణం తెలిసింది. మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లూ, తెలిసినవాళ్ల ద్వారా ఫోన్ చేసే ఇంజనీరింగ్ విద్యార్థులూ నన్ను పదేపదే అడిగే సంగతులు ఇవి. విసుగు ఎక్కడైనా కనిపిస్తే అది నా పాత మెయిళ్ల మీద అనుకోండి.

ప్రశ్న పంపి నాలుగు రోజులైంది. ఒక్కరూ పలకలేదు. నన్ను పట్టించుకోవడం లేదా?

ముందు మీ మెయిల్ అసలు చేరిందో లేదో చూసుకోండి. ఈ మాట అంటే నవ్వుతారు గానీ, 'జవాబు రాలేదు' అని నా దగ్గరికి వచ్చినవాటిలో కొన్ని ఎవరికీ చేరనే లేదు. లినక్స్‌కు గుండెకాయలాంటి కెర్నల్ అనే భాగానికి ఉన్న లిస్టులు సాదా అక్షరాల మెయిల్‌ను మాత్రమే తీసుకుంటాయి. రంగులూ బొద్దు అక్షరాలూ మోసుకొచ్చే హెచ్‌టీఎంఎల్ మెయిల్‌ను గుమ్మంలోనే ఆపేస్తాయి. ఫోనులో మనం వాడే మెయిల్ యాప్‌లు చాలావరకు మనతో చెప్పకుండా పంపేది ఆ రకమే. మరికొన్ని చోట్ల సభ్యులు కానివారి మెయిల్ నిర్వాహకుడు చూసి వదిలేదాకా ఆగి ఉంటుంది. ఇలాంటి లిస్టులు చాలావాటికి పాత మెయిళ్లన్నీ దాచి ఉంచే బహిరంగ భాండారం ఒకటి ఉంటుంది. అందులో మీది కనిపిస్తే చేరినట్టు.

చేరినా ఎవరూ పలకలేదంటే దాదాపు ఎప్పుడూ రెండే కారణాలు. చదివినవాళ్లకు జవాబు తెలియదు, లేదా జవాబు చెప్పడానికి కావలసిన సంగతి మీ మెయిల్‌లో లేదు. వెయ్యిమంది ఉన్నచోట తెలియనివాళ్లంతా 'నాకు తెలియదు' అని రాస్తే ఏమవుతుందో ఊహించుకోండి. అందుకే ఊరుకుంటారు. పెళ్లికి పిలిస్తే రాని చుట్టం మీద పెట్టుకునే అలక ఇక్కడ పెట్టుకోకండి.

అటువైపు చదివేది ఎవరు? దానికి వాళ్లకు జీతం ఉంటుందా?

కొందరికి ఉంటుంది. కెర్నల్‌లో మార్పులు చేసేవాళ్లలో ఎక్కువమంది ఏదో ఒక కంపెనీ ఉద్యోగులే. అయితే ఆ జీతం వాళ్ల పనికి, మీ సర్వర్ బాగుచేయడానికి కాదు. డెబియన్ అయితే 1993లో మొదలైనప్పటి నుంచీ స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ల మీదే నిలబడింది.

నా సంగతి చెబుతాను. రాత్రి భోజనాలు అయ్యాక, మా అబ్బాయి లెక్కల హోంవర్కు గొడవ తీరాక, ఒక అరగంట దొరుకుతుంది. ఆ అరగంటలో సబ్జెక్టు లైన్లు ముప్ఫై నలభై చూస్తాను, నాలుగైదు తెరుస్తాను, రెండింటికి రాస్తాను. ఏ రెండింటికి? ఎదురు ప్రశ్నలు వేయకుండానే ఏదో ఒకటి చెప్పగలిగినవాటికి.

సబ్జెక్టు లైన్‌లో ఏమి రాయాలి?

ఏ వస్తువు, ఏ సందర్భంలో, ఎలా వికటించింది. ఈ మూడూ ఉంటే చాలు. 'సహాయం కావాలి' అని రాయడం దవాఖానా చీటీలో జబ్బు పేరు రాయాల్సినచోట 'ఒంట్లో బాగా లేదు' అని రాయడంలాంటిది. అక్కడికి వచ్చేవాళ్లందరిదీ అదే కథ.

మెయిల్‌లో ఏమేమి ఉండాలి?

దీనికి సూత్రాలు చెప్పే బదులు నా సొంత పరువు తీసుకుంటాను. 2019లో మా ఆఫీసు డేటాబేస్‌ను పాత సర్వర్ నుంచి కొత్తదానికి మార్చాం. సోమవారం ఉదయం నుంచి ఫోన్లు మొదలయ్యాయి. కొందరు ఖాతాదారుల పేర్లు వెతికితే దొరకడం లేదు, కానీ మొత్తం జాబితా తీస్తే అందులో ఉన్నాయి. కంగారులో నేను ఇంగ్లీషులో రాసి పంపిన మెయిల్ తెలుగులో చెబితే ఇలా ఉంటుంది:

"గౌరవనీయులైన అందరికీ, మేము చాలా కాలంగా పోస్ట్‌గ్రెస్ వాడుతున్నాం. అకస్మాత్తుగా డేటా కనిపించడం లేదు. మేము పోస్ట్‌గ్రెస్‌లో ఏమీ మార్చలేదు. మా ఖాతాదారులు చాలా ఇబ్బంది పడుతున్నారు. దయచేసి వీలైనంత త్వరగా సాయం చేయగలరు."

జవాబు రాలేదు. ఇప్పుడు చదివితే నాకే నవ్వు వస్తోంది. అందులో నా బాధ ఉంది, సమస్య లేదు. పైగా 'ఏమీ మార్చలేదు' అన్నది పచ్చి అబద్ధం. పోస్ట్‌గ్రెస్ మార్చలేదు నిజమే, దాని కింద ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్‌నే మార్చేశాం. దానికీ దీనికీ సంబంధం లేదని నాకు నేనే తీర్పు చెప్పుకుని ఆ ముక్క వదిలేశాను.

రెండు రోజుల తరువాత మా టీములోని ఒక సీనియర్ అక్క పక్కన కూర్చోబెట్టుకుని మళ్లీ రాయించారు (ఇందులో ఇండెక్స్ అంటే త్వరగా వెతకడానికి డేటాబేస్ వరుసక్రమంలో కట్టుకునే సూచిక, క్వెరీ అంటే డేటాబేస్‌ను అడిగే ప్రశ్న, ఎక్స్‌ప్లెయిన్ అంటే ఆ ప్రశ్నకు జవాబును ఏ దారిలో వెతుకుతుందో డేటాబేస్ చెప్పే వివరణ, లాగ్ అంటే సర్వర్ తనలో జరిగినవి రాసుకునే చిట్టా):

"పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ 11.5. శనివారం డెబియన్ 9 ఉన్న సర్వర్ నుంచి డెబియన్ 10 ఉన్న సర్వర్‌కు మారాం. డేటా డైరెక్టరీని ఉన్నది ఉన్నట్టు కాపీ చేశాం. ఇప్పుడు ఖాతాదారుల పట్టికలో ఫలానా పేరుతో వెతికితే సున్నా వరుసలు వస్తున్నాయి. ఇండెక్స్ వాడకుండా ఆపి అదే క్వెరీ నడిపితే 1 వరుస వస్తోంది. అన్ని పేర్లకూ ఇలా లేదు. మేము చూసినంతలో హైఫన్ ఉన్న పేర్ల దగ్గర జరుగుతోంది. సర్వర్ లాగ్‌లో ఎర్రర్ ఏదీ లేదు. రెండు క్వెరీలూ, వాటి ఎక్స్‌ప్లెయిన్ ఫలితాలూ కింద ఇచ్చాను. ఇండెక్స్ పాడైందా? అయితే మిగతా ఇండెక్సులను కూడా అనుమానించాలా?"

గంట తిరగకుండా జవాబు వచ్చింది. డెబియన్ 10తో వచ్చే జీలిబ్‌సీ 2.28 (మిగతా ప్రోగ్రాములు ఆధారపడే మూల లైబ్రరీ) అక్షరక్రమాన్ని మార్చింది. '1-1', '11' అనే రెండింటిలో ఏది ముందు రావాలో పాత వెర్షన్ ఒకలా, కొత్తది మరోలా చెబుతాయి. ఇండెక్స్ కట్టింది పాత క్రమంలో, ఇప్పుడు వెతుకుతున్నది కొత్త క్రమంలో. మన నిఘంటువుల్లో 'క్ష'తో మొదలయ్యే మాటలు 'క' కింద ఉంటాయి. బడిలో వర్ణమాల చివర్న వల్లించిన అలవాటుతో ఎవరైనా పుస్తకం చివర వెతికితే దొరుకుతాయా? మాట పుస్తకంలోనే ఉంది, వెతికే చోటు తప్పింది. అక్షరాలున్న ఇండెక్సులన్నీ మళ్లీ కట్టమన్నారు. కట్టాం, తీరింది.

పోస్ట్‌గ్రెస్ వాళ్లు బగ్ ఎలా తెలియజేయాలో తమ పత్రాల్లోనే రాసి ఉంచారు. దాని సారం ఏమిటంటే జరిగినవన్నీ చెప్పండి, జరిగినవే చెప్పండి, ఊహలతో కథ అల్లకండి. ఏ వివరం పనికివస్తుందో మనకు తెలిస్తే ప్రశ్న అడిగే అవసరమే ఉండదు కదా. కాబట్టి వెర్షన్లు, ఇటీవల మారినవి, ఏమి చేశారు, ఏమి వస్తుందనుకున్నారు, ఏమి వచ్చింది, ఇప్పటిదాకా ఏమి ప్రయత్నించారు అన్నవి రాయండి. 'తాజా వెర్షన్' అని మాత్రం రాయకండి. మూడేళ్ల తరువాత ఆ మెయిల్ చదివేవాడికి ఏది తాజా?

ఎర్రర్‌ను ఫోనుతో ఫోటో తీసి పెట్టవచ్చా?

వద్దు. ఫోటోలోని అక్షరాలను కాపీ చేసుకోలేం, వెతకలేం, కొన్ని లిస్టులు పెద్ద జోడింపులను తీసుకోవు కూడా. అక్షరాలను అక్షరాలుగానే అతికించండి. తెర అసలు లేవకుండా యంత్రం ఆగిపోయినప్పుడు మాత్రం ఫోటోయే గతి. అప్పుడు ముఖ్యమైన రెండు మూడు లైన్లు చేత్తో టైపు చేసి మెయిల్‌లో పెట్టండి.

ఇంకో మాట. లాగ్‌లో చివరి ఎర్రర్ కన్నా మొదటి ఎర్రర్ విలువైనది. ఒక రైలు ఆగిపోతే వెనకాల పది రైళ్లు ఆగుతాయి. మనం పదకొండో రైలు గార్డును నిలదీస్తుంటాం.

'సమస్య కనిపించే అతి చిన్న ఉదాహరణ ఇవ్వండి' అంటారు. అంటే ఏమిటి?

2018 ఫిబ్రవరిలో ఐఫోన్లను కుప్పకూల్చిన తెలుగు అక్షరం గుర్తుందా? ఆ అక్షరం ఉన్న సందేశం వస్తే చాలు, దాన్ని చూపించబోయిన యాప్ మూసుకుపోయేది. 'జ్ఞా' అక్షరం వల్ల అని పత్రికలన్నీ రాశాయి. అది సగం నిజమే. మనం రోజూ టైపు చేసే 'జ్ఞానం'తో ఏ ఫోనుకూ ఏమీ కాలేదు. చిక్కంతా ఒక ప్రత్యేకమైన వరుసలో ఉంది. జ, పొల్లు, ఞ, ఆ తరువాత 'జీరో విడ్త్ నాన్ జాయినర్' అనే కంటికి కనిపించని గుర్తు, చివర దీర్ఘం. మొత్తం ఐదు యూనికోడ్ గుర్తులు. అందులోంచి ఆ కనిపించని నాలుగోదాన్ని తీసేస్తే ఫోను మామూలుగానే ఉండేది. ఆపిల్ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6తో దాన్ని సరిచేసింది.

'తెలుగు మెసేజ్ వస్తే ఫోను పాడవుతోంది' అని వచ్చే ఫిర్యాదుకూ, 'ఈ ఐదు గుర్తులు ఈ వరుసలో వస్తే యాప్ కూలుతోంది, నాలుగోది తీసేస్తే కూలడం లేదు' అనే ఫిర్యాదుకూ తేడా చూడండి. మొదటిది చదివినవాడు తెలుగు మెసేజ్ ఒకటి పంపించి చూసి, 'నాకు బాగానే ఉంది' అని కిటికీ మూసేస్తాడు. రెండోది చదివినవాడు అర నిమిషంలో తన ఫోనులోనే ఆ చావును చూస్తాడు. చూశాక వదలడు, అది ఆ జాతి లక్షణం.

చిన్నది చేయడం అంటే కత్తిరించడమే. మూడువందల లైన్ల ప్రోగ్రాములో సగం తీసేయండి. సమస్య ఇంకా ఉందా? మిగిలినదానిలో మళ్లీ సగం తీయండి. పోయిందా? తీసిన సగాన్ని తెచ్చి రెండోది తీయండి. పాత వెర్షన్‌లో బాగుండి కొత్తదానిలో పాడైతే ఇదే పనిని వెర్షన్ల మీద చేయడానికి, కోడ్‌లో జరిగిన మార్పులన్నీ గుర్తుపెట్టుకునే గిట్ అనే పనిముట్టులో బైసెక్ట్ అనే ఆదేశం ఉంది. వెయ్యి మార్పుల్లో దోషి ఎవరో పది పరీక్షల్లో తేల్చేస్తుంది. ఆ పది పరీక్షలూ చేసి 'ఫలానా మార్పు దగ్గర చెడింది' అని రాస్తే కెర్నల్ వాళ్లు మీకు కుర్చీ వేస్తారు. అసలు కత్తిరిస్తూ పోతుంటే చాలాసార్లు దోషం మన కోడ్‌లోనే బయటపడి మెయిల్ పంపే పని తప్పుతుంది. నేను రాయడం మొదలుపెట్టి పంపకుండా చెరిపేసిన మెయిళ్లకు లెక్క లేదు.

నేను అడిగినదానికి జవాబు చెప్పకుండా 'అసలు ఎందుకు?' అని ఎదురు ప్రశ్న వేస్తారెందుకు?

ఒక కుర్రాడు క్రాన్‌ను (చెప్పిన వేళకు ప్రోగ్రాములను నడిపే ఏర్పాటు) పది సెకన్లకు ఒకసారి నడపడం ఎలా అని అడిగాడు. క్రాన్‌కు నిమిషం కన్నా చిన్న లెక్క తెలియదు. దాన్ని మోసం చేసే ఉపాయాలు ఇద్దరు ముగ్గురు చెప్పారు. నాలుగో ఆయన ఎందుకని అడిగితే అసలు కథ బయటికి వచ్చింది. ఒక ప్రోగ్రాము తరచూ చచ్చిపోతోంది, అది బతికి ఉందో లేదో పది సెకన్లకోసారి చూసి మళ్లీ లేపాలి. చచ్చిన సర్వీసును దానంతటదే లేపే ఏర్పాటు, లినక్స్‌లో సర్వీసులను నడిపించే సిస్టమ్‌డీలో ఒక్క లైన్‌తో ఉంది. క్రాన్ ప్రసక్తే అక్కర్లేదు. ఆ తరువాత అసలు అది ఎందుకు చస్తోందని అడిగారు. అది మరో వారం నడిచింది.

మనకు ఒక సమస్య ఉంటుంది, మనమే ఒక దారి ఊహించుకుంటాం, ఆ దారిలో కాలు ఇరుక్కుంటే కాలు గురించే అడుగుతాం. ఎక్కడికి వెళ్లాలనుకుంటున్నారో కూడా ఒక వాక్యంలో చెప్పండి.

నా ఇంగ్లీషు అంతంతమాత్రం. నవ్వుతారేమో?

తెలుగు మీడియంలో చదివి వచ్చిన నాకు ఈ భయం బాగా తెలుసు. రెండు వాక్యాలు రాసి నాలుగుసార్లు చెరిపేవాణ్ణి. తరువాత తెలిసింది, ఆ లిస్టుల్లో రాసేవాళ్లలో జపాను వాళ్లు, రష్యా వాళ్లు, బ్రెజిల్ వాళ్లు, జర్మన్లు బోలెడంతమంది, ఎవరి ఇంగ్లీషు వాళ్లదే. లినక్స్‌ను మొదలుపెట్టిన లినస్ టోర్వాల్డ్స్ మాతృభాష స్వీడిష్. 1991 జూలై 3న, అంటే తన ఆపరేటింగ్ సిస్టమ్ సంగతి లోకానికి చెప్పడానికి ఏడు వారాల ముందు, హెల్సింకీలో విద్యార్థిగా ఉన్న ఆయన మినిక్స్ అనే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ వాడేవాళ్ల చర్చావేదికలో ఒక చిన్న ప్రశ్న వేశారు. మినిక్స్ మీద ఒక పని చేస్తున్నాను, పోసిక్స్ ప్రమాణాల (ఆపరేటింగ్ సిస్టమ్‌లు పాటించాల్సిన నియమాలు) నిర్వచనం కావాలి, కంప్యూటర్‌లో చదువుకునే రూపంలో ఎక్కడ దొరుకుతుంది అని. రెండు మూడు వాక్యాలు. ఎందుకో ఉంది, ఏమి కావాలో ఉంది, ఏ రూపంలో కావాలో ఉంది. అందులో అలంకారం ఒక్కటీ లేదు.

వ్యాకరణం తప్పితే ఎవరూ ఏమీ అనుకోరు. మనల్ని దెబ్బతీసేది వేరే ఉంది, మన ఆఫీసుల ఇంగ్లీషు. మనం సందేహాన్ని 'డౌట్' అంటాం. బయటివాళ్లకు ఆ మాటలో అపనమ్మకం వినిపిస్తుంది, వాళ్లు చెప్పినదాన్ని మీరు శంకిస్తున్నారనుకుంటారు. 'ప్రశ్న' అనే అర్థం వచ్చే మాటే వాడండి. అంతకన్నా ప్రమాదం 'రివర్ట్'. జవాబు ఇవ్వండి అనడానికి మనవాళ్లు దాన్ని వాడతారు. గిట్ వాడేవాళ్ల భాషలో రివర్ట్ అంటే చేసిన మార్పును వెనక్కి తీసేయడం. ఒకతను ఒక ప్యాచ్ (కోడ్‌లో చేసిన మార్పు) గురించి 'దయచేసి ఈ ప్యాచ్ మీద త్వరగా రివర్ట్ చేయండి' అని రాశాడు. ఆ కోడ్ బాధ్యత చూసే మెయింటెయినర్ నిజంగానే అడిగారు: 'ఎందుకు తీసేయాలి? ఏమైనా చెడిందా?'

చిన్న వాక్యాలు రాయండి. ఒక వాక్యంలో ఒకే సంగతి. తెలుగులో ఆలోచించి ముందు తెలుగులోనే రాసుకున్నా మంచిదే. సమస్య మన భాషలో స్పష్టంగా చెప్పలేకపోతే ఇంగ్లీషు తప్పు కాదు, ఇంకా సమస్యే మనకు అర్థం కాలేదు.

'సార్' అని సంబోధించాలా?

అక్కర్లేదు. అక్కడ పేరు పెట్టి పిలవడమే మర్యాద. 'డియర్ సర్' అంటే చదివే ఆడవాళ్లను లెక్కలో లేకుండా చేసినట్టు కూడా అవుతుంది. మనకు పెద్దవాళ్లను పేరుతో పిలవడానికి నోరు రాదు, నాకు రెండేళ్లు పట్టింది. ఒక నమస్కారం, నేరుగా విషయం, చివర ఒక కృతజ్ఞత చాలు. కాలేజీ పేరు, సంవత్సరం, ర్యాంకు వద్దు. కాలేజీ అసైన్‌మెంట్ అయితే మాత్రం ఆ మాట దాచకండి. దొరికిపోతారు.

'అర్జెంట్' అని పెడితే తొందరగా చూస్తారా?

చూడరు. మీ తొందర మీ మేనేజర్‌ది.

తొందర కన్నా గడియారం పనికివస్తుంది. మనకు ఉదయం పది అయినప్పుడు లండన్‌లో ఇంకా తెల్లవారుజామే, కాలిఫోర్నియాలో ముందురోజు రాత్రి. మన సాయంత్రానికి ఐరోపా పనిలో ఉంటుంది, అమెరికా నిద్ర లేస్తుంది. మీ ప్రశ్న చదివినవాళ్లు వెంటనే ఎదురు ప్రశ్న వేస్తే మీరు మెలకువగా ఉండేలా చూసుకోండి. ప్రశ్న పంపి నిద్రపోతే ఒక్కొక్క మాటకు ఒక్కొక్క రోజు పోతుంది.

ఎన్నాళ్లు ఆగి గుర్తు చేయవచ్చు?

వారం. అదే మెయిల్‌కు మీరే కొనసాగింపుగా రాయండి, ఈలోగా తెలుసుకున్న కొత్త సంగతి ఒకటైనా చేర్చండి. ఉత్త 'ఎవరైనా ఉన్నారా?' వద్దు. అదే ప్రశ్నను ఒకేసారి నాలుగు చోట్ల పెట్టడం కూడా వద్దు. ఒకచోట తీరిన చిక్కును ఇంకోచోట ఎవరో రాత్రి కూర్చుని విప్పుతుంటారు.

జవాబు బాగా చెప్పే ఆయనకే నేరుగా రాస్తే?

ఇది మనవాళ్లకు బాగా అలవాటు. తెలిసినవాళ్ల ద్వారా పని చేయించుకునే ఊళ్ల నుంచి వచ్చాం. అక్కడ ఇది చెల్లదు. నేరుగా రాస్తే జవాబు ఒక్కరికే, ఆ ఒక్కరూ పొరపాటు చెబితే దిద్దేవాళ్లు ఉండరు, రేపు ఇదే చిక్కు వచ్చేవాడికి ఏమీ మిగలదు. ఒక్క మినహాయింపు ఉంది. మీరు కనిపెట్టింది భద్రతా లోపం అయితే, అంటే ఇతరుల యంత్రాల్లోకి చొరబడటానికి పనికివచ్చేది అయితే, దాన్ని నలుగురిలో పెట్టకూడదు. పెద్ద ప్రాజెక్టులన్నిటికీ అందుకోసం వేరే చిరునామా ఉంటుంది.

'మాన్యువల్ చదువుకో' అని ఒక్క ముక్కలో కొట్టిపారేశారు. ఇది అవమానం కాదా?

ఒక్కోసారి అవమానమే. నేను దాన్ని సమర్థించను. కెర్నల్ లిస్టులో మాటలు దశాబ్దాల పాటు కత్తుల్లా ఉండేవి. 2018 సెప్టెంబరులో టోర్వాల్డ్స్ స్వయంగా తన కటువుతనానికి క్షమాపణ చెప్పి కొంతకాలం విరామం తీసుకున్నారు, కెర్నల్‌కు ప్రవర్తనా నియమావళి వచ్చింది కూడా అప్పుడే. అప్పటి నుంచి గాలి కొంత మారింది.

అయినా పొట్టి జవాబులన్నీ తిట్లు కావు. 'ఇక్కడ చూడండి' అని ఒక లింకు మాత్రమే పంపినాయన మీ కోసం వెతికి పెట్టాడన్నమాట. మన చెవికి 'అండీ', 'గారూ' లేని వాక్యం మొరటుగా వినిపిస్తుంది, జర్మన్‌కు అది శుభ్రంగా వినిపిస్తుంది. లింకు చదవండి. అర్థం కాకపోతే ఏ పేరా దగ్గర ఆగిపోయారో చెప్పి మళ్లీ అడగండి. చదివివచ్చి అడిగినవాడితో మాట తీరే మారిపోతుంది. నిజంగా బూతులు తిడితే జవాబు ఇవ్వకండి, మిగతావాళ్లు చూసుకుంటారు.

జవాబుకు జవాబు ఎలా రాయాలి?

వాళ్ల మెయిల్‌లో మీరు స్పందిస్తున్న వాక్యాన్ని మాత్రం ఉంచి, దాని కింద మీ మాట రాయండి. మిగతాది చెరిపేయండి. ఆఫీసు మెయిళ్లలోలాగా పైన 'సరే' అని రాసి కింద మొత్తం రామాయణం వేలాడదీయడం అక్కడ నచ్చదు. 1995 అక్టోబరులో వచ్చిన ఇంటర్నెట్ మర్యాదల పత్రం ఆర్ఎఫ్‌సీ 1855 ఈ మాట అప్పుడే చెప్పింది.

కొత్త ప్రశ్నకు పాత మెయిల్‌ను తెరిచి సబ్జెక్టు మార్చి పంపకండి. ఏ మెయిల్‌కు ఏది జవాబో చెప్పే గుర్తు లోపల దాగి ఉంటుంది, సబ్జెక్టు మార్చినా అది మారదు. మీ కొత్త ప్రశ్న ఎవరిదో ముగిసిపోయిన సంభాషణ అడుగున వేలాడుతూ ఉండిపోతుంది.

ఇప్పుడు ఏఐ చాట్‌లు ఉన్నాయి కదా, మనుషులను అడగడం ఎందుకు?

ముందు వాటినే అడగండి, తప్పేమీ లేదు. మామూలు చిక్కులు అక్కడే తీరిపోతాయి. మీ ఇంగ్లీషును సరిదిద్దుకోవడానికీ వాడుకోండి. కానీ అది అల్లిన వివరణను మీరు గమనించిన సంగతిలా మెయిల్‌లో పెట్టకండి. ఇంటర్నెట్‌లో డేటాను తెచ్చి పంపే కర్ల్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టును నడిపే డేనియల్ స్టెన్‌బర్గ్ 2024 జనవరిలోనే ఈ బాధ గురించి బహిరంగంగా రాశారు. చూడటానికి పద్ధతిగా, లోపల లేని లోపాన్ని వర్ణిస్తూ వచ్చే నివేదికలను తోసిపుచ్చడానికే మనుషుల సమయం పోతోందని. ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైటు స్టాక్ ఓవర్‌ఫ్లో 2022 డిసెంబరులోనే చాట్‌జీపీటీ జవాబులను నిషేధించింది. యంత్రం చెప్పినదాన్ని ప్రయత్నించి ఉంటే 'ఇది చెప్పింది, చేశాను, ఇలా అయింది' అని రాయండి. అది నిజాయితీగా ఉంటుంది, పనికీ వస్తుంది.

లాగ్‌లు పెట్టడానికి మా కంపెనీ ఒప్పుకోదు.

అయితే పేర్లూ, ఐపీ చిరునామాలూ మార్చి పెట్టండి, మార్చినట్టు చెప్పండి. పాస్‌వర్డులు, ఫోను నంబర్లు, ఖాతాదారుల వివరాలు ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. బహిరంగ భాండారంలోకి వెళ్లినది బయటికి రాదు, పంపిన మరుక్షణమే దాని నకళ్లు ఎక్కడెక్కడో పడి ఉంటాయి. పాస్‌వర్డు పొరపాటున పోతే తీసేయమని బతిమాలుతూ కూర్చోకుండా ముందు దాన్ని మార్చండి.

తెలుగులో అడిగే చోటు లేదా?

2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో రచ్చబండ అనే పేజీ ఉంది, అక్కడ అన్నీ తెలుగులోనే నడుస్తాయి, కొత్తవాళ్లతో ఓపికగా మాట్లాడతారు. హైదరాబాదు కేంద్రంగా స్వేచ్ఛ అనే సంస్థ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం పనిచేస్తోంది. కెర్నల్ లోతుల గురించి తెలుగులో అడిగితే చెప్పేవాళ్లు దొరకడం మాత్రం కష్టమే.

తెలుగు అక్షరాలు సరిగా కనిపించని సమస్య అయితే ఇంగ్లీషులోనే అడగక తప్పదు, అక్కడ జాగ్రత్త ఇంకాస్త కావాలి. సరిచేసే మనిషికి తెలుగు రాదు. ఒత్తు పక్కకు జరిగిందని మీకు చూడగానే తెలుస్తుంది, ఆయనకు రెండూ ఒకేలాంటి ముగ్గులు. ఇక్కడ ఫోటో తప్పక పెట్టండి, పక్కనే సరైన రూపం ఎలా ఉండాలో అచ్చు పుస్తకంలోదో వేరే ఫాంటులోదో ఇంకో ఫోటో పెట్టండి. తప్పు ఎక్కడుందో గీత గీసి చూపండి. ఫాంటు పేరు, వెర్షన్, ఆ మాటలోని యూనికోడ్ గుర్తులు వరుసగా రాయండి.

సమస్య తీరింది. ఇక చెప్పాల్సింది ఏముంది?

ఏ మందు పనిచేసిందో ఒక మెయిల్ రాయండి. 'తీరింది, ధన్యవాదాలు' అని ఆపేసే మెయిల్ ఎంత ఉసురు పోసుకుంటుందో రాత్రి రెండింటికి అదే ఎర్రర్‌తో దాన్ని చదివేవాడికి తెలుస్తుంది.

మా ఇండెక్స్ గొడవ తీరినప్పుడు నేను బుద్ధిగా రాశాననే అనుకున్నాను. దాదాపు రెండేళ్ల తరువాత ఎవరో తెలియనాయన దగ్గర నుంచి నేరుగా నాకు మెయిల్ వచ్చింది. 'మీరు చెప్పినట్టే ఇండెక్సులు మళ్లీ కడుతున్నాను, ఒకటి మాత్రం ఒకే విలువ రెండుసార్లు ఉందని మొరాయిస్తోంది. మీకు ఇలా కాలేదా?' అని. అయింది. పాడైన రోజుల్లో, ఉన్న పేరు ఇండెక్స్‌కు కనిపించక అదే పేరును రెండోసారి చేర్చుకుంది. మేము ఒక రాత్రంతా కూర్చుని చేత్తో ఏరేశాం. ఆ ముక్క మాత్రం రాయడానికి బద్ధకించాను. ఆయనకు రెండు లైన్లు రాశాను: ఈ ప్రశ్న లిస్టుకు పంపండి, జవాబు అక్కడే ఇస్తాను.